నాలుక కింద రెండు నిమిషాలు

ఫోన్ మోగితే ఇప్పటికీ నా గుండె జారుతుంది. ఎవరిదైనా సరే. షేర్ ఆటోలో పక్క మనిషిది మోగినా అంతే. ఏళ్లుగా ఈ భయాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో, ల్యాంప్ రూంలో నా డ్యూటీ. కిందికి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వాలి, వాళ్ల ఫోన్లు తీసుకొని అరల్లో పెట్టాలి. ఫోన్లు లోపలికి పోనివ్వరు. రహీం (అసలు పేరు కాదు) నా షిఫ్టులోనే కింద బొగ్గు పని చేసేవాడు. మా క్వార్టర్లు పక్కపక్కనే. అతనికి ఎప్పుడూ తుమ్ములు, ఎదలో పిల్లికూతలు. పట్నంలో కొత్తగా వచ్చిన అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి నేనే వెంటబెట్టుకొని పోయాను. ముంజేతి మీద సూదులతో పరీక్ష చేసి, బొగ్గు కాదు, పరుపుల్లో ఉండే కంటికి కనబడని పురుగులు పడటం లేదని చెప్పింది.

"ఇన్నేండ్లు బొగ్గు మింగితె ఏం గాలేదు, పరుపు మీద పండుకుంటె రోగమొచ్చెనట!" రహీం నవ్వాడు. "ఇగ డబుల్ డ్యూటీ చేసుడే నయం అన్నా."

మందు ఆ పురుగుల సారంతోనే చేసిన చుక్కలు, ఒళ్లు అలవాటు పడేలా కొద్దికొద్దిగా పెంచుతారు. రోజూ పొద్దున నాలుక కింద వేసుకొని, రెండు నిమిషాలు ఆపి మింగాలి. ఏళ్ల తరబడి వాడాలి. జనం మధ్యలో మానేస్తారని ఆమె ఫోన్‌లో ఒక యాప్ పెట్టించింది. పొద్దున ఎనిమిదింటికి మోగుతుంది. వేసుకున్నట్టు పచ్చ గుర్తు నొక్కాలి. అది ఆమె కంప్యూటర్‌లో కనబడుతుంది. నొక్కకపోతే ఇంటికి ఫోన్ వస్తుంది. రహీం బండి తీయడానికి బయటికి పోయాక ఆమె నాతో ఒక్క మాట చెప్పింది: "మధ్యలో మానేస్తే నాకు చెప్పాలి. మళ్లీ తక్కువ మందుతోనే మొదలుపెట్టాలి. చెప్పకుండా పెద్ద మందు వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆయనకు చెప్పండి."

తలూపాను. రహీంకు చెప్పలేదు. బయటికి రాగానే చాయ్ తాగుదామన్నాడు, ఆ మాట చాయ్‌లో కలిసిపోయింది.

మొదటి షిఫ్టులో ఎనిమిదింటికి అతను భూమి కింద ఉంటాడు. ఫోన్ నా అరలో మోగుతుంది. "నువ్వే నొక్కు అన్నా. లేకుంటె దవాఖానోళ్లు నా పెండ్లానికి ఫోన్ కొడ్తరు, అది నా పానం తీస్తది" అన్నాడు. నొక్కాను. తప్పనిపించలేదు. చుక్కలు ఇంట్లో వేసుకొనే వచ్చేవాడు కదా. మా దగ్గర మస్టర్ అంటే హాజరు. దోస్తు ఆలస్యమైతే అతని హాజరు బిళ్ల మనం అందించిన రోజులున్నాయి. మస్టర్ పడితే డ్యూటీ అయినట్టే.

కొన్నాళ్లకు తుమ్ములు తగ్గాయి. "సీసా ఫ్రిజ్‌ల నిద్రపోతుంది అన్నా. నువ్వు మాత్రం మస్టర్ ఆపకు" అన్నాడు రహీం. మానేశాడని నాకు తెలిసింది. అయినా నొక్కాను. ఎందుకు? మొహమాటమా? అలవాటా? ఒంట్లో మందు లేకుండా హాజరు ఒక్కటే పడుతుంటే అది ఎవరి డ్యూటీ? ఆ ప్రశ్న అప్పుడు నాకు రాలేదు. రానివ్వలేదేమో.

మందు పెంచాల్సిన రోజు మళ్లీ ఇద్దరం పోయాం. డాక్టరమ్మ తెర చూసి మురిసిపోయింది. "ఒక్క రోజు కూడా తప్పలేదు! నిజంగా రోజూ వేసుకున్నారా?"

రహీం నా వైపు చూశాడు. నేనే అన్నాను: "మస్టర్ ఒక్కటి గూడ పోలే డాక్టరమ్మా. నేనే సాక్ష్యం."

ఆమె నవ్వింది. పెద్ద మందు తీసి, తన ఎదుటే రహీం నాలుక కింద చుక్కలు వేసింది. "రెండు నిమిషాలు మాట్లాడకండి."

అప్పుడు గుర్తొచ్చింది. ప్రాణం మీదికి రావచ్చు.

రహీం నోరు మూసుకొని నాకు కనుబొమ్మలు ఎగరేసి చూపిస్తున్నాడు. ఉమ్మెయ్ అంటే చాలు. ఒక్క మాట. నా నాలుక కింద కూడా ఏదో పోసినట్టయింది. ఇప్పుడే సాక్ష్యం చెప్పి, ఇప్పుడే అబద్ధమని ఎట్ల అనాలి? డ్యూటీలో ఇంకొకరి ఫోన్ ముట్టానని తెలిస్తే నా నౌకరీ ఏమవుతుంది? ఏం కాదులే, ఏం కాదులే అని లోపల గొణుక్కుంటూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. రహీం మింగాడు.

బయట బెంచీ మీద ముందు పెదవులు గోక్కున్నాడు. తర్వాత మెడ పట్టుకున్నాడు. మాట రాలేదు, ఈల లాంటి చప్పుడు వచ్చింది. నా చొక్కా పట్టుకున్న వేళ్లు నీలంగా మారడం చూశాను. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి తొడలో సూది పొడిచింది. బతికాడు. ఆమె వల్ల బతికాడు.

ఆ తర్వాత ఆమె తెరను నా వైపు తిప్పింది. వరసగా పచ్చ గుర్తులు. అన్నీ నా వేలివి కాదు, వేరే షిఫ్టుల్లో రహీం తనే నొక్కుకునేవాడు; కానీ అన్నిటికీ సాక్ష్యం నాదే. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేనే ఎక్కడో తప్పు చేశాను" అంది.  నేను నేల చూశాను.

విషమిచ్చిందని కాలనీ అంతా పాకింది. ఆ మందు వాడే మిగతావాళ్లూ మానేశారు. కొన్నాళ్లకు ఆమె బోర్డు తీసేసి ఊరు విడిచి పోయింది. రహీం మళ్లీ ఏ మందూ ముట్టలేదు. కింద పని చెయ్యలేక ఇప్పుడు పైన చిన్న పనిలో ఉన్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆ ఈల వినబడుతుంది. మానితే తక్కువతో మొదలుపెట్టాలన్న మాట అతనికి ఇప్పటికీ తెలియదు.

మొన్న అతని బిడ్డకూ అదే ఆయాసం. మంచిర్యాలలో డాక్టరు అవే చుక్కలు రాశాడట. వేసుకుంటానని పిల్ల, వద్దని తండ్రి. నన్ను పిలిచారు. "నువ్వు కండ్లార చూసినవ్ గదా అన్నా. ఆ మందు మనిషిని చంపుతదా లేదా, చెప్పు దీనికి."

పిల్ల ఊపిరి ఎగబోసుకుంటూ నా ముఖంలోకి చూసింది. చంపుతుందన్నట్టు నేను మళ్లీ తలూపాను.

ఇంటికి వచ్చాక కూర్చోలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్ల తెలుగు బాగా చదువుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లకని మొదలుపెట్టిన ఇది, ఇప్పుడు ఆమె చేతికే ఇస్తాను. గట్టిగా చదివి తండ్రికి వినిపిస్తుంది. అతను ఏం చేస్తాడో తెలియదు.  కానీ ఇన్నేళ్లుగా నోట్లో ఆపుకున్నది ఇప్పుడు బయటికి వస్తోంది.

బిడ్డా, మందు తప్పు కాదు. డాక్టరమ్మ తప్పు కాదు. మీ నాయిన మానేశాడని తెలిసీ సాక్ష్యం చెప్పింది నేను. ఆ రెండు నిమిషాలు నోరు మూసుకున్నది మీ నాయిన ఒక్కడే కాదు.