నేను విప్పేసిన పేరు

పద్నాలుగేళ్ళుగా నేను మోస్తున్న తప్పు, చెబితే చాలా చిన్నదిగా అనిపిస్తుంది. పది నిమిషాల పని. చేతిలో చిన్న కత్తెర, ఎదురుగా ఒక బొంత, గదిలో ఎవరూ లేరు. ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తీసుకోలేదు అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. వరీ, చోళ్ళూ పండించే ఇల్లు. డిగ్రీ అయ్యాక విజయనగరంలో ఒక ఏడాది కోర్సులో చేరాను. బొమ్మలు వెయ్యడం నేర్పేది కాదది. ఎవరో చేసిన కళని జనం ముందు ఎలా పెట్టాలో నేర్పేది. గోడకి ఎంత ఎత్తున తగిలించాలి, వెలుగు ఏ వైపు నుంచి పడాలి, పక్కన అంటించే చీటీలో ఏం రాయాలి, ఏం రాయకూడదు. అన్నీ చేత్తో చేసి నేర్చుకోవలసిందే.

"గోడకి మేకు కొట్టడానికి కూడా సదువేటే?" అని మా నాన్న నవ్వేవాడు. కానీ వద్దనలేదు.

ఆఖర్న ఒక ప్రదర్శన చెయ్యాలి. పదిమందిమి తలా ఒక వస్తువు ఈ చుట్టుపక్కల ఊళ్ళనుంచి వెతికి తెచ్చి, మూడు రోజులు హాల్లో పెట్టాలి. బాగా చేసినవాళ్ళలో ఒకరికి పెద్ద నగరంలో ఆరు నెలల శిక్షణ దొరుకుతుంది. ఆ ఒక్కరూ నేనే కావాలనుకున్నాను. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

శ్రీకాకుళం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆపైన ఆటో. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడ ఎండుచేపలు అమ్మేది. యాభై దాటి ఉంటాయి. ఆవిడ ఇంటి ముందు తాడుమీద ఒక బొంత ఆరేసి ఉంది. పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టే బొంతలు మా ఇంట్లోనూ ఉన్నాయి. ఇది అలాంటిది కాదు. చీర ముక్కలతోనే తెప్పలు, వలలు, తలమీద గంపలతో వరసగా నడిచే ఆడవాళ్ళు. వాటి మధ్య ఖాళీ జాగా అంతా నీలం దారంతో కెరటాలు కుట్టింది. చేపల పని లేని మధ్యాహ్నాల్లో కూర్చుని నాలుగేళ్ళు కుట్టిందట.

ఒక మూల ఎర్ర దారంతో నాలుగక్షరాలు. నూకరత్నం. చివరి అక్షరం దగ్గర సూది కొంచెం తడబడినట్టుంది.

"రాత్రిపూట పెద్దోల్ల బడికెల్లి అచ్చరాలు నేర్సుకున్నానమ్మా," అంది. "కాయితమ్మీద కంటే ముందు గుడ్డమీదే రాసీనాను నా పేరు."

ప్రదర్శన అయ్యాక తిరిగి తెచ్చిస్తానంటే మారుమాట లేకుండా మడత పెట్టి ఇచ్చింది. ఆటో ఎక్కబోతుంటే మాత్రం వెనక్కి పిలిచింది. "పేరున్న వేపు పైకెట్టమ్మా. కాల్ల దగ్గరికి రానీకు."

అలాగే పెడతానన్నాను.

బొంతని హాల్లో బల్లమీద పరిచినప్పుడు మా సారు వంగి నీలం కెరటాలమీద వేలు పోనిచ్చారు. ఆ మూల మడత కింద ఉండిపోయింది. "ఎంత పాతదో," అన్నారు. "ఇలాంటివి ఎవరు చేశారో తెలియకపోవడంలోనే అందం ఉంది." పాతది కాదండీ, కుట్టిన మనిషి ఉంది, మొన్ననే మాట్లాడి వచ్చాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను చెప్పలేదు. సారుని తప్పు పట్టను. ఆయన ఒక మాట అన్నారు, అంతే. కత్తెర పట్టుకున్నది నేను.

అందరూ భోజనాలకి వెళ్ళారు. నేను ఆకలి లేదని ఉండిపోయాను. కుట్టు చాలా గట్టిగా ఉంది. కత్తెర మొన దారం కింద దూర్చి, బట్ట చిరగకుండా, ఒక్కో అక్షరం విప్పాను. అప్పుడు నాకు భయం వేసిందని మీరనుకోవచ్చు. భయం లేదు. పని నీటుగా చేస్తున్నానన్న తృప్తి ఉంది. ఇది ఒప్పుకోవడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఎర్ర దారపు ముక్కలు చేతిరుమాల్లో పోగుచేసి బయట చెత్తకుండీలో దులిపేశాను. తర్వాత చీటీ రాశాను. 'మత్స్యకార గ్రామంలో దొరికిన బొంత. కుట్టినది ఎవరో తెలియదు.'

జనం దానిముందే ఎక్కువసేపు నిలబడ్డారు. మూడో రోజు నూకరత్నం వచ్చింది. నేను రమ్మనలేదు. హాలు ఎక్కడో మాటవరసకి చెప్పి ఉంటాను. రెండు బస్సులు మారి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళిద్దర్ని వెంటబెట్టుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని వచ్చింది. నాకోసం ఎండు రొయ్యల పొట్లం తెచ్చింది.

గోడమీద దీపాల వెలుగులో తన బొంత చూసుకుంది. తర్వాత దగ్గరికి వెళ్ళి పైమూల వెతికింది. మాట ప్రకారం నేను ఆ మూలని పైకే పెట్టాను. అక్కడ ఏమీ లేదు.

"నా పేరేదమ్మా?"

పొరుగావిడలు నావైపు చూశారు. మా సారు నాలుగడుగుల దూరంలో ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"దుమ్ము ఉందని ఉతికించాం. దారం ఊడిపోయింది," అన్నాను.

ఆవిడ ఆ మూలని వేళ్ళతో తడిమింది. నా మొహం చూసింది. తర్వాత వెంట వచ్చినవాళ్ళవైపు తిరిగి, "నా కుట్టే సరిగ్గా నేదు. కొత్తగా రాసినాను కదా, ఊడిపోనాది," అంది. చీటీలో ఏముందో చదవమని నన్ను అడగలేదు. తనకి చదవడం వచ్చు కదా, చదువుకునే ఉంటుంది. రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టి, బస్సుకి టైమయిందని వెళ్ళిపోయింది.

శిక్షణ నాకే వచ్చింది. బొంతని నేను వెళ్ళి ఇవ్వలేదు. ఆ వైపు వెళ్తున్న తోటి విద్యార్థిని చేత పంపించాను.

ఆరు నెలల శిక్షణలో పాత బట్టల్ని పరీక్షించడం నేర్పారు. ఊడిన కుట్టు బట్టని ముడతలు పడేలా లాగుతుంది, ఎక్కడో ఒక పోగు మిగులుస్తుంది. కోసి విప్పిన కుట్టు శుభ్రంగా సూది రంధ్రాలు మాత్రమే వదులుతుంది. భూతద్దం కింద నాకది చూపిస్తుంటే బొంత పైమూల గుర్తొచ్చింది. నేను ఇరవై నాలుగేళ్ళకి కొత్తగా నేర్చుకున్నది, ముప్ఫై ఏళ్ళు సూది పట్టిన మనిషికి తెలియదా? వేళ్ళతో తడిమినప్పుడే తెలిసిపోయి ఉంటుంది. మరి తన కుట్టే బాగాలేదని నలుగురిలో ఎందుకంది? నన్ను కాపాడటానికా? ఈ పిల్లతో మాటలేంటని వదిలేసిందా? లేక నిజంగానే నమ్మిందా? నమ్మి ఉంటే, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడైనా తన పేరు కుట్టుకుందా? ఈ మూడింట్లో ఏది నిజమైతే నాకు తేలికో కూడా తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు నేను అదే పని పిల్లలకి నేర్పుతున్నాను. చేసినవాళ్ళ పేరు లేకుండా ఒక్క వస్తువు కూడా గోడ ఎక్కనివ్వనని నాకు పేరుంది. దొరక్కపోతే ఊరికి మళ్ళీ వెళ్ళి కనుక్కు రమ్మంటాను. మేడమ్ విలువలున్న మనిషి అంటారు. ఒకసారి సభలో కూడా అన్నారు, శాలువా కప్పి మరీ. నేను తలొంచుకుంటే అణకువ అనుకున్నారు.

పోయిన నెల ఆ ఊరి పిల్ల ఒకామె మా కోర్సులో చేరింది. ఆమె ద్వారా నూకరత్నం కూతురి నంబరు దొరికింది. వారం రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను. ఒక ఉదయం చేసేశాను.

నూకరత్నం పోయి రెండేళ్ళయింది. బొంతని ఆవిడతోపాటే కాటికి పంపించేశారు. మూల ఎలా ఉండిందో, మళ్ళీ కుట్టుకుందో లేదో కూతురు గమనించలేదట. ఇక నాకు ఎప్పటికీ తెలియదు. అయినా ఫోన్ పెట్టెయ్యకుండా, కత్తెర దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. 

"ఇప్పుడెందుకు సెప్తన్నారు మేడమ్?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

 నేను ఏదో మొదలుపెట్టేలోగా ఆమె, ఎండబెట్టిన చేపలు తిరగెయ్యాలని చెప్పి పెట్టేసింది. మళ్ళీ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు.

మరుసటి రోజు క్లాసులో పిల్లలకి చెప్పాను. ఎవరి పేరో తీసేసిన ఒక విద్యార్థిని కథలా కాదు, నేను చేశానని. కొందరు నన్ను అంతకుముందులా చూడటం లేదు. అది వాళ్ళ హక్కు. ఇప్పుడు మీకు కూడా చెప్పాను. మనసు తేలికపడిందా అంటే, పడలేదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత, ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఆపి, ఆగండి, ముందు ఇది వినండి అనగలను.