ఆకాశం కనపడని నాలుగు రోజులు

ఇశ్రాయేలు సినిమా పరిశ్రమలోకి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో కెమెరా పెట్టెలు మోశాడు, లెన్సులు తుడిచాడు, వానొస్తే తను తడుస్తూ కెమెరాకు గొడుగు పట్టాడు. అతని చేతుల మీదుగా వెళ్లిన సినిమాలు నూటికి పైనే ఉంటాయి. ఒక్కదానిలోనూ అతని పేరు తెర మీద పడలేదు. హీరోగారి కుక్కకు శిక్షణ ఇచ్చినాయన పేరు పడింది. యూనిట్‌కు పెరుగు పోసిన డెయిరీకి కృతజ్ఞతలు పడ్డాయి. ఇశ్రాయేలు మాత్రం ప్రతిసారీ యూసుఫ్‌గూడ నుంచి భార్య కరుణాకుమారిని వెంటబెట్టుకుని వెళ్లి, జనమంతా లేచిపోయాక కూడా చివరి అక్షరం దాకా కూర్చునేవాడు. "ఊడ్చేవాళ్లు వచ్చేశారు, ఇక లేవండి" అని ఆవిడే లేపేది.

అలాంటి మనిషికి ఈ ఏడాది ఓ ఆశ పుట్టింది. నిర్మాత గోపాలకృష్ణగారు ఫిల్మ్‌నగర్‌లో తన ఆఫీసు వెనకున్న ఖాళీ స్థలంలో పెద్ద కోట సెట్టు వేయించారు. ఎండలో మొదలైన షాటు మబ్బులో పూర్తయితే అతకదు. అందుకని వెనకటి కెమెరామెన్లు మెడలో ఓ నల్లద్దం వేసుకుని, మాటిమాటికీ దాంట్లోంచి పైకి చూసేవారు. ఇశ్రాయేలు యూట్యూబ్‌లో చూసి, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి కొన్నాడు. దానికి ఆకాశం మొత్తాన్ని ఒకేసారి చూసే కెమెరా తగిలించి, పైన గాజు బుడగలాంటి మూత బిగించాడు. ఆకాశాన్ని తెచ్చి ఆఫీసు టీవీలో పెట్టాడు. సూర్యుడికి మబ్బు ఎంత దూరంలో ఉందో కుర్చీలోంచి లేవకుండా తెలిసిపోయేది. గోపాలకృష్ణగారు ముచ్చటపడ్డారు. "ఈ షెడ్యూలు సాఫీగా జరిగితే టైటిల్స్‌లో నీకు సింగిల్ కార్డు వేస్తానయ్యా" అన్నారు. అంటే కాసేపు తెర మొత్తానికీ ఇశ్రాయేలు ఒక్కడే. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

ముహూర్తం రోజున షూటింగ్ కెమెరాలతో పాటు ఈ ఆకాశం కెమెరాను కూడా బల్ల మీద పెట్టి పూజ చేశారు. కెమెరా అన్నాక పూజ తప్పదు. ఇశ్రాయేలు అలవాటు ప్రకారం పూజ జరిగినంతసేపూ వెనక చెప్పుల దగ్గర నిలబడ్డాడు, లడ్డూ పంచేటప్పుడు మాత్రం ముందుకొచ్చాడు. ఆ కెమెరాను ఆఫీసు డాబా మీది ఇనప స్తంభానికి బిగించడం ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పని కాబట్టి, బంతిపూల దండతో సహా వాళ్లే ఎక్కించారు.

అరగంటకల్లా టీవీలోంచి ఆకాశం మాయమైంది. తెరంతా రోజ్‌మిల్క్ ఒలకబోసినట్టు అయిపోయింది.

పైన అసలు ఆకాశం ఉండనే ఉంది. మబ్బు తునక లేదు, మాడు పగిలే ఎండ. దాని కింద నూట యాభై మంది చెమటలు కక్కుతూ నిలబడ్డారు. కానీ ఎండ కాస్తున్నట్టు టీవీలో కనపడలేదు కాబట్టి షాటు మొదలుపెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. కెమెరామన్ నల్లద్దం తీసి పైకి చూసి, "ఎండగానే ఉన్నట్టుంది. ఎందుకైనా మంచిది, ఒకసారి కన్ఫర్మ్ చేయండి" అన్నాడు.

ఆఫీసులో టెక్నికల్ హెడ్ అని విహారి అనే ఆయన ఉన్నాడు. ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే.

"రీస్టార్ట్ చేశారా?" అన్నాడు.

"చేశానండీ."

"ఇంకోసారి చేయండి. ప్రాపర్‌గా."

ప్రాపర్‌గా చేశాడు. ఆకాశం రాలేదు. కరెంటు సరిగా అందడం లేదేమోనని అడాప్టర్ మార్చాడు. రెండో రోజు మెమరీ కార్డు తీసేసి, కొత్తది పెట్టి, సాఫ్ట్‌వేర్ అంతా మొదటి నుంచి ఎక్కించాడు. అది ఎక్కుతున్నంతసేపూ విహారి వెనక నిలబడి, "ఏఐ పెడదామా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచే సగం మంది జూనియర్ ఆర్టిస్టులను గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేశారు. మూడో రోజు కెమెరా నుంచి కింద, స్తంభం మొదట్లో ఉన్న బోర్డుకు దిగే వైరును ఊడదీసి మళ్లీ బిగించాడు. లోపల హైదరాబాద్ బదులు ఇంకే ఊరైనా పడిందేమోనని అక్షాంశాలు, రేఖాంశాలు కూడా సరిచూశాడు. ఊరు హైదరాబాదే.

చివరికి సాఫ్ట్‌వేర్ తన మానాన తాను రాసుకునే లాగ్ తెరిచి, వరసా వరసా చదివాడు. అక్కడ దొరికింది. మధ్యలో చీకటిగా ఉంది, వెలుతురు పెంచుతున్నాను అని నిమిషానికోసారి రాసుకుంటోంది. మిట్టమధ్యాహ్నం దానికి చీకటిగా ఉందంటే, సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. కంటికి ఏదో అడ్డం పడింది. చీకటనుకుని అది వెలుతురు పెంచేకొద్దీ మిగతా ఆకాశమంతా తెల్లబడిపోతోంది.

పైకెక్కి చూడాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన లైట్ డిపార్ట్‌మెంట్‌ది. దాన్ని కెమెరావాళ్లు ముట్టుకుంటే సంఘాల మధ్య గొడవ. లైట్ మేస్త్రి ఆ రోజు టోలిచౌకిలో ఏదో దావత్‌కు వెళ్లాడు. దాంతో ఆకాశం ఇంకో రోజు ఆగింది.

నాలుగో రోజు నిచ్చెనెక్కి, వాడిన బంతిపూలు పక్కకు జరిపి చూశాడు ఇశ్రాయేలు. గాజు మూతకు నట్టనడుమ పసుపు, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. ఎండకి పిడచకట్టి ఉంది.

జేబులో లెన్సు తుడిచే గుడ్డ ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్లి ఆగిపోయింది. ఆ బొట్టు పెట్టింది గోపాలకృష్ణగారి భార్య, చిత్ర సమర్పకురాలు హైమగారు. పూజలో పెట్టిన బొట్టును షూటింగ్ అంతా అయ్యి గుమ్మడికాయ కొట్టేదాకా చెరపకూడదన్నది ఆ ఆఫీసు పట్టింపు. పోయిన సినిమాకు హారతి ఆరిపోయిందని, మళ్లీ మంచి రోజు దొరికేదాకా పంతొమ్మిది రోజులు షూటింగ్ ఆపేశారు. పైగా ఆ బొట్టు చెరిపినవాడు ఆదివారం చర్చికి వెళ్లే ఇశ్రాయేలు అయితే, ఆ తరవాత పుట్టే మాటలను ఏ గుడ్డా తుడవలేదు. స్క్రూలు వదులు చేసి, మూతను మాత్రం ఊడదీసి, దించి హైమగారి దగ్గరికి పట్టుకెళ్లాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. నుదుట పెట్టాల్సిన బొట్టు కంట్లో పడిందండీ" అన్నాడు.

హైమగారు మూతను అటూ ఇటూ తిప్పి చూశారు. "గుండ్రంగా ఉంటే ఇదే తలకాయ అనుకున్నానయ్యా" అన్నారు. గదిలో ఎవరూ లేరని చూసుకుని, గాజు మీద ఊది, పైట చెంగుతో రెండుసార్లు గట్టిగా తుడిచేశారు. ఎర్రబడిన చెంగును బొడ్లో దోపుకున్నారు.

"సారుకు తెలిస్తే మళ్లీ ముహూర్తం అంటారు. ఇది మన మధ్యే ఉండనీ. నీ పేరు సంగతి నేను చూసుకుంటాను."

పది నిమిషాల్లో టీవీలోకి ఆకాశం వచ్చింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. విహారి అందరికీ షేక్‌హ్యాండ్లు ఇచ్చాడు. గోపాలకృష్ణగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"నాలుగు రోజులు షూటింగ్ పోయింది. కారణం ఏంటో నాకు తెలియాలి" అన్నారు.

ఇశ్రాయేలు హైమగారి వైపు చూశాడు. ఆవిడ ఫోన్‌లో ఏదో వెతుక్కుంటున్నారు. నిజం చెబితే తన పనిలో తప్పు లేదని తేలుతుంది, కార్డూ నిలబడుతుంది. కానీ ఇంకో పంతొమ్మిది రోజులు సెట్టుకు తాళం పడుతుంది. తన పక్కింటి బాలమణి ఈ కోటలోనే దాసీ వేషం వేస్తోంది. ఇప్పటికే మూడు రోజులుగా గేటు నుంచి తిరిగొచ్చేస్తోంది.

"నాదే పొరపాటండీ. సెట్టింగ్ ఒకటి తప్పు పెట్టాను" అన్నాడు.

"అదీ చెప్పడానికి నాలుగు రోజులా? ఇక సింగిల్ కార్డు ఏం వేస్తానయ్యా నీకు?" అన్నారు గోపాలకృష్ణగారు. మేనేజర్‌ను పిలిచి, టైటిల్స్ జాబితాలోంచి ఆ పేరు తీసేయమన్నారు. హైమగారికి ఫోన్‌లో వెతుకుతున్నది ఇంకా దొరకలేదు.

ఇంటికెళ్లి కరుణాకుమారికి జరిగింది చెప్పాడు. ఆవిడ హైమగారిని నాలుగు తిట్టి, ఇతన్ని ఎనిమిది తిట్టి, అన్నం పెట్టింది.

మర్నాడు పొద్దున షూటింగ్ వ్యాను సందు చివరకొచ్చి ఆగింది. నాలుగు రోజుల తరవాత పిలుపొచ్చిన వాళ్లంతా హుషారుగా ఎక్కుతున్నారు. బాలమణి ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఇశ్రాయేలును చూసి ఆగింది.

"ఏందన్నా, నీ మిషిన్ ఖరాబు చేసుకొని మా పని పోగొట్టినవ్. తెల్వని పని నీకెందుకే? జర మాలాంటోళ్ల కడుపు గురించి సోంచాయించాలె గద" అంది.

వ్యానులోంచి పదిహేను ముఖాలు ఇటు తిరిగాయి. అసలు సంగతి ఇశ్రాయేలు నాలుక చివరిదాకా వచ్చింది. అది ఇప్పుడు బయటపడితే ఈ వ్యాను ఇక్కణ్నుంచే వెనక్కి తిరుగుతుంది.

"తప్పయిపోయింది బాలమణీ" అన్నాడు.

"ఇగ నుంచన్న మంచిగ చూస్కో" అని ఆవిడ లోపలికెక్కి తలుపు లాగింది. నిర్మాత తన పేరు కొట్టేయించినప్పుడు రాని ఏడుపు, ఆ వ్యాను మలుపు తిరిగాక ఇశ్రాయేలుకు వచ్చింది.