ఎర్రమ్మ కోడికి వేసిన సూది

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బాధతో మోశానని అనుకోకండి. చాలాకాలం గర్వంగానే మోశాను. ఇప్పటికీ అక్కుపల్లి వైపు వెళితే ఎవరో ఒకరు "సూది డాట్రుగారొచ్చినారు" అంటారు. నేను డాక్టర్ని కాను. అయినా ఆ మాట వింటే ఛాతీ కాస్త విచ్చుకుంటుంది. ముందుగా అది ఒప్పుకోవాలి.

తొంభైల చివర్లో ఉద్దానం తీరంలో, అక్కుపల్లి దగ్గర ఓ చిన్న పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా చేరాను. అక్కడి ఆడవాళ్లది ఒకటే గోడు. నాటుకోడి పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. గుడ్లు తీసేసినా లేవదు. ఖాళీ గూట్లో వారాల తరబడి అలాగే ఉంటుంది, మళ్లీ గుడ్డు పెట్టదు.

దానికి ఎర్రమ్మ దగ్గర ఉపాయం ఉండేది. ఆవిడ చేపల వేటకు పోయే కుటుంబంలోని పెద్దావిడ. బుట్ట అడుగు ఊడదీసి పాత వల బిగించేది. అందులో కోడిని పెట్టి, మేతా నీళ్లూ అక్కడే ఇచ్చి, సముద్రపు గాలి పొట్టకు తగిలేలా నాలుగు రోజులు వేలాడదీసేది. కోడి పొదుగు మరిచిపోయేది. కోళ్ల సంగతి ఏదైనా ఊరంతా ఆమెనే అడిగేది.

ఒకరోజు వాళ్ల పెరట్లో దూడకు కట్టు కట్టి చేతులు కడుక్కుంటుంటే, ఆమె నన్ను అడిగింది.

"బాబూ, నువ్వు సదువుకున్నోడివి. గాలికి ఏలాడదీత్తే కోడి పొదుగెందుకు మానేత్తాది? మాయమ్మ కాడి నుంచీ సేత్తన్నాం. ఎందుకో తెల్దు. సెప్పు."

నాకు తెలుసు. శిక్షణలో చదివాను. గూటి వెచ్చదనం పొట్టకు తగులుతున్నంతకాలం కోడి మెదడు కింద ఉండే చిన్న గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును వదులుతూనే ఉంటుంది. గుడ్లు పెట్టించే హార్మోన్లను అది అణచిపెడుతుంది. పొట్ట చల్లబడి, గూడు దొరక్కపోతే ప్రొలాక్టిన్ తగ్గుతుంది, కొన్ని వారాలకు కోడి మళ్లీ గుడ్లకు వస్తుంది. ఇంతే. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం ఎంతసేపు?

"గాలికేటి మానుతాదప్పా," అన్నాను. "ఒట్టినే ఏలాడదీత్తే కోడి గొడ్డుబోద్ది. ముందు సూది ఏయాల."

ఆమె నా చేతుల మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది. "అలాగేటి," అంది.

ఎందుకలా అన్నాను? నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది ఆమె చేతుల్లో ముందే ఉందని ఓర్వలేకపోయానా? ఏమో. నమ్మించడం మాత్రం తేలికైంది.

ఆ సూదిలో ఉన్నది విటమిన్ మందు. సూది వేసి, ఎర్రమ్మ బుట్టే కట్టుకోమని చెప్పేవాణ్ని. పక్క ఊళ్ల నుంచి కూడా కోళ్లు పట్టుకొచ్చారు. టెక్కలిలో జరిగిన మా శాఖ సమావేశంలో పెద్ద అధికారి నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆరోజు ప్రొలాక్టిన్ గురించి అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. బాగా చెప్పాను. అంత బాగా మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం ఎర్రమ్మ తన కోడిని చంకన పెట్టుకుని ఆసుపత్రికొచ్చింది. ఆడవాళ్ల వెనక వరసలో నిలబడింది. ఇన్నాళ్లూ తెలియక కోళ్లకు అన్యాయం చేశానంది. దీనికీ ఓ సూది వెయ్యమంది. వేశాను. ఆమె దండం పెట్టి వెళ్లింది. ఆ తర్వాత ఆమెను కోళ్ల గురించి ఎవరూ అడగలేదు. నాలుగేళ్లకు పోయింది.

మొన్న ఆమె వీధిలోనే ఒక కొత్త కోడలు సూది కోసం నన్ను ఆపింది. సూది అక్కర్లేదు, ఎర్రమ్మ చేసినట్టు చెయ్యమన్నాను. ఆ పిల్ల తెల్లబోయింది. సూది లేకపోతే కోడి గొడ్డుబోదా అని అడిగింది. నా మాటే, నా కంటే బలంగా బతికి ఉంది.

పోదు, అది నేనాడిన అబద్ధం అన్నాను. వీధిలో, నలుగురూ వింటుండగా. తర్వాత ప్రొలాక్టిన్ సంగతంతా చెప్పి, ఈ బుట్ట ఉపాయం ఊరికి నేర్పింది మీ వీధి మనిషే అన్నాను. అది చెబుతుంటే నా గొంతులో గర్వం నాకే వినిపించింది. అయినా ఇంటికొచ్చేదాకా ఒళ్లు తేలిగ్గా ఉంది.