బాబా సీసా నింపింది నేనే

ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయిన మాట ఒకటి మీకు చెబుతున్నాను. పేరు అడక్కండి. జాలి పడనక్కర్లేదు, క్షమించనూ అక్కర్లేదు. వింటే చాలు.

నాది కోనసీమ. కువైట్‌లో, అబూ హలీఫా అనే చోట ఒక సెర్బియా వాళ్ళింట్లో పనిచేసేదాన్ని. ఇంటావిడని అక్కడి పనివాళ్ళ అలవాటు ప్రకారం మామా అనేదాన్ని. ఆవిడ తల్లిని చూసుకోవడమే నా పని. వాళ్ళ భాషలో బామ్మని బాబా అంటారట. అక్కడి పనివాళ్ళకి బాబా అంటే ఇంటి యజమాని. మంచం దిగలేని ముసలావిడని అలా పిలవాలంటే మొదట్లో నవ్వొచ్చేది.

బాబాది చాచక్ అనే ఊరు, మొరావా ఏటి లోయలో. ఊరు దాటితే రెండు కొండల మధ్య ఏరు మెలికలు తిరుగుతుంది. ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఎప్పటివో పాత మఠాలు. ఏ మఠంలో సన్యాసినులు తేనె పెట్టేవారో, ఎక్కడి గంట ఏటి అవతలికి వినిపించేదో, గోడమీద ఫొటో చూపిస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేది. నాకు మా పాపికొండలు గుర్తొచ్చేవి. ఒక మఠం కింద రాతిలోంచి ఊటలా వచ్చి ఏట్లో కలిసే నీళ్ళు చిన్న గాజుసీసాలో తెచ్చుకుంది. అందులో ఒక ఎండు రెమ్మ. తులసే అనుకున్నాను. సీసా వాళ్ళ దేవుడి పటం ముందు, దీపం పక్కన ఉండేది. చివరి ఘడియలో తాగించమని నాకు అప్పగించింది.

మా తమ్ముడూ కువైట్‌లోనే, ఖైతాన్‌లో టైల్స్ పని చేసేవాడు. క్యాన్సర్ ముదిరిపోయింది. వాడికి వీసా ఇచ్చిన కఫీల్ కాగితాలు తేల్చలేదు, ఊరికి పంపలేకపోయాను. శుక్రవారం సెలవుకి వెళితే వాడిది ఒకటే మాట.

"అక్కా, గొంతులో కాసిని ఏటి నీళ్ళు పొయ్యవే."

ఈ దేశంలో ఏరెక్కడిది? కుళాయిలో వచ్చేదంతా ఉప్పు తీసిన సముద్రమే. తులసి, ఏటి నీళ్ళు, రెండూ ఒకే సీసాలో నా కళ్ళెదురుగా ఉన్నాయి. మరుసటి శుక్రవారం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఒక్క చెంచా పోద్దామనే. అన్నం కూడా మింగలేని వాడు ఆ నీళ్ళు గటగటా మింగాడు. ఇంకాసిని అన్నాడు. పోశాను. మళ్ళీ అడిగాడు. సీసా ఖాళీ అయ్యేదాకా పోశాను. ఆ సాయంత్రమే పోయాడు.

దొంగతనమే, కాదనను. ఆ శుక్రవారం మళ్ళీ వస్తే మళ్ళీ తీస్తాను. దేవుడు నిలదీస్తే ఆయన్నీ ఒక మాట అడుగుతాను: ఒక ఏటికి అన్ని మఠాలు ఇచ్చినవాడివి, మా వాడికి గుక్కెడు నీళ్ళు ఇవ్వలేకపోయావా?

కానీ ఖాళీ సీసా ఖాళీగా ఉంచొచ్చుగా? వంటింట్లో ఫిల్టర్ నీళ్ళు పట్టి, రెమ్మని సర్ది, దీపం పక్కన ఎందుకు పెట్టాను? బాబా కాళ్ళు పట్టుకుని చెప్పి ఉంటే ఆవిడే తమ్ముడి కోసం ఏడ్చేదేమో. నాకు భయమేసింది. పని పోతుంది, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది. అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు.

బాబా వంతు వచ్చింది. మామా తన కూతుళ్ళని పిలవడానికి వెళ్ళింది. నేను చెంచాలో నీళ్ళు వంచాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"మా నీళ్ళేనా?"

"మీ నీళ్ళే బాబా. తాగండి."

తాగింది. నా చెయ్యి నిమిరింది. ఆ నిమరడం ఉంది చూశారూ, అదే నన్ను తినేస్తోంది.

ఆ రెమ్మ తులసి కాదని, దానికి చుట్టంలాంటి ఇంకేదో ఆకని, వాళ్ళ పూజల్లో వాడతారని తర్వాత మామా చెప్పింది. మిగిలిన నీళ్ళు చాచక్ తీసుకెళ్ళి తల్లి సమాధి మీద చల్లింది. వీడియో పంపింది. వెనకాల కొండల మధ్య ఏరు పారుతూనే ఉంది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

మా తమ్ముడు వాళ్ళ ఏరు తాగి పోయాడు. బాబా కువైట్ సముద్రం తాగి పోయింది. సీసా నింపింది నేనే. చెప్పేశాను, ఖలాస్.