పై అంతస్తులో చేపల వాసన రాకూడదంట

బుజ్జమ్మా, నువ్వు పోయినావని నాకు కారులో తెలిసింది. నువ్వు రక్తం కక్కుకున్నావని పొద్దున మొదటి ఫోను వచ్చింది. ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తా ఉన్నదాన్ని, చేతులు కూడా కడుక్కోకుండా ఎక్కినాను. మీ నాయన ముందు సీటులో కూర్చోని "ఇంకొంచెం తొయ్యి నాయనా, ఇంకొంచెం" అని డ్రైవరుని బతిమాలతానే ఉన్నాడు. సూళ్ళూరుపేట దాటకముందే రెండో ఫోను వచ్చింది. మీ నాయన విన్నాడు. ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత డ్రైవరుని తొందరపెట్టలేదు. నాకు ఎవురూ నోటితో చెప్పలేదు.

ఇది చదివే అక్కలారా, అన్నలారా, ఆమె నా కూతురు. నర్సు. మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు, వలేసి బతికేవాళ్ళం. నా బిడ్డ చెన్నైలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేసేది. పెద్దదంటే, దేశం కాని దేశం నుంచి విమానాలెక్కి వచ్చి మోకాళ్ళు మార్పించుకొని, గుండెలు బాగుచేయించుకొని, మళ్ళీ విమానమెక్కి పోయేంత పెద్దది. నా బిడ్డ ఊపిరితిత్తుల టీబీతో పోయింది. అది బాగయ్యే జబ్బు. మాత్రలు సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. ఈ మాట ముందే ఎందుకు చెప్తా ఉన్నానంటే, కర్మకి వచ్చినోళ్ళందరూ "ఏం చేస్తాం, రాత" అని నా చెయ్యి నొక్కి పోయినారు. రాతంట. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని, నా అక్షరాలు వంకరగా వస్తాయి. అయినా నేనే రాస్తాను. ఎవురు రాసిన రాతో చెప్తాను.

చిన్నప్పటి నుంచి దానికి ఒక పిచ్చి, చేతులు కడుక్కోవడం. నేను చేపలు తోముతా ఉంటే పక్కన చెంబు పెట్టుకొని కూర్చునేది. "అమ్మా, గోళ్ళలో పొలుసు ఉంది, చూపించు" అని నా చెయ్యి లాగి పుల్లతో గీకేది. వాళ్ళ నాయన బువ్వకి కూర్చుంటే ముందు చేతులు తిప్పి చూసేది. "ఏం నర్సమ్మా, పాసయినానా?" అని ఆయన నవ్వేవాడు. అప్పటికి అది ఎనిమిది చదవతా ఉంది. అప్పుడు పెట్టిన పేరే నిజమైపోయింది.

నెల్లూరులో నర్సింగు చదివే రోజుల్లో సెలవుకి వస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. మా పక్కింటి ముసలాయనకి అప్పుడు టీబీ. రెండు నెలలు మాత్రలు మింగి, దగ్గు తగ్గిందని మానేసినాడు. ఇది ఆయన గడప మీద కూర్చోని జగడం పెట్టుకుంది.

"తాతా, నోరు తెరువు."

"బాగయిపోయింది గదే. ఆ మాత్రలకి మూత్రం ఎర్రగా పోతా ఉండాది, నాకు బయ్యం."

"ఎర్రగా పోతే పోనీ. మాత్ర పని చేస్తా ఉండాదని అర్థం. సగంలో ఆపితే రోగానికి బలమిచ్చినట్టు. మింగుతావా, ముక్కు పట్టుకోనా?"

ముసలాయన మింగినాడు. సెలవులయి పోతే ఫోను చేసి నన్ను పంపేది, "పోయి చూడమ్మా, దవడ కింద దాచిపెట్టుకుంటాడు" అని. గుడ్డు ఉడకబెట్టి ఇచ్చి రమ్మనేది. ఆ తాత ఇప్పుడు పొద్దున్నే ఒడ్డుకు నడిచి పోతాడు. నా బిడ్డని ఇంటికి తెచ్చిన రోజు వాకిట్లో కూలబడి, "నా చేత మింగించినావే, నువ్వు మింగలేదే" అని తల బాదుకున్నాడు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ముసలాయన ఏదో అంటున్నాడులే అనుకున్నాను.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి.

మొదట దానికి కింద వార్డులో డ్యూటీ వేసినారు. దగ్గేవాళ్ళు, ఆయాసపడేవాళ్ళు అందరూ వచ్చి పడే వార్డు. డ్యూటీ మొత్తానికి పల్చటి మాస్కు ఒకటి. తడిసిపోతే ఆరబెట్టి మళ్ళీ కట్టుకునేవాళ్ళంట. మంచి మాస్కులు లేక కాదు. బయటి దేశం వాళ్ళు వచ్చి ఆసుపత్రిని తనిఖీ చేసి సర్టిఫికెట్టు ఇచ్చే వారంలో అందరికీ ఇచ్చినారంట. వాళ్ళు పోగానే బీరువాలో పెట్టి తాళం వేసినారంట. "మమ్మల్ని కూడా అప్పుడే తోమి పెడతారమ్మా, ఇత్తడి సామాను మాదిరి" అని ఫోనులో నవ్వింది. నాకు ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే పళ్ళు కొరుక్కుంటాను.

ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషు బాగుందని పై అంతస్తుకి మార్చినారు. అది పరదేశాల రోగుల అంతస్తు. అక్కడ పని చేసే పిల్లలకి రూల్సు ఉన్నాయి. తలకి కొబ్బరి నూనె రాయకూడదు. పూలు పెట్టకూడదు. డ్యూటీకి ముందు చేపలు తినకూడదు, చేతులకి వాసన వస్తుందంట.

చేపలు తినకూడదంట! నా బిడ్డని! పాలు మాన్పించినప్పటి నుంచి చేప తిని పెరిగిన పిల్లని. డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలీదు, పగలుంటుంది, రాత్రుంటుంది. అందుకని మొత్తానికే మానేసింది. ఏం తింటున్నావు మే అంటే పెరుగన్నం అనేది. పెరుగన్నం ఒక పూట, బిస్కట్లు ఒక పూట.

ఒకసారి నేను పోయినాను. మామిడికాయ ముక్కలేసి ముందు రోజు రాత్రి కాచిన పులుసు, పొద్దుటికి బాగా ఊరి ఉంది. బాక్సులో పెట్టి చీర కొంగులో చుట్టుకొని బస్సులో తీసుకుపోయినాను. హాస్టలు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మూత తీసి చూసి వద్దన్నాడు. ఇద్దరం బస్టాండుకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. పిల్ల ఎట్ట తినిందంటే, ముల్లు ముల్లు జుర్రుకొని తినింది. గిన్నె వేలితో తుడిచి నాకింది. అంతా అయినాక కుళాయి దగ్గర సబ్బుతో కడిగింది, నిమ్మకాయ రుద్దింది, బ్యాగులోంచి టూత్ పేస్టు తీసి పూసి కడిగింది. ముక్కు దగ్గర పెట్టుకొని చూసుకుంది. మళ్ళీ కడిగింది.

"పోయిందా అమ్మా? చూడు."

వాసన చూసినాను. సబ్బు, నిమ్మకాయ, వాటి కింద నా పులుసు. "పోయింది లేమ్మా" అన్నాను.

ఆ పై అంతస్తులో ఒక అరబ్బు ముసలామె ఉండేదంట. గుండె ఆపరేషన్ అయి, రాత్రిళ్ళు భయపడి ఏడిచేది. దీని చెయ్యి పట్టుకుంటే తప్ప పండుకునేది కాదు. "బిన్తీ, బిన్తీ అని పిలుస్తాదమ్మా. నా బిడ్డా అని అంట" అని మురిసిపోయి చెప్పింది. ఆ తల్లి మీద నాకు కోపం లేదు. ఆమె బాగుండాలి. ప్రాణం మీదికొస్తే ఎవురైనా మంచి వైద్యం ఎక్కడుంటే అక్కడికి పోతారు. కానీ ఆమెకి భయమేస్తే పట్టుకోడానికి నా బిడ్డ చెయ్యి ఉంది. నా బిడ్డకి భయమేసినప్పుడు ఎవురి చెయ్యి ఉంది? అడుగుతున్నాను.

మా పక్కనున్న సర్కారు ఆసుపత్రిలో నర్సు కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. కాన్పు నొప్పులొస్తే నెల్లూరుకి ఆటోలో పోవాలి. నర్సులు లేక కాదు. మా ఊరి చుట్టుపక్కల ఇంటికొక నర్సు చదివింది. కాలేజీ పెట్టినప్పుడే చెప్పినారు, "ఇక్కడ చదివితే జర్మనీ, ఇక్కడ చదివితే గల్ఫు" అని. మీ ఊరికి నర్సు కావాలని ఒక్కరూ చెప్పలేదు. నర్సింగు చదివే పిల్లలకి సూది వెయ్యడం కంటే ముందు ఏ దేశం వాళ్ళకి ఎట్ట నమస్కారం చెప్పాలో నేర్పినారు. నా బిడ్డ డ్యూటీ దిగి వచ్చి హాస్టలులో ఫోను ముందు పెట్టుకొని భాష క్లాసు వినేది. పరీక్ష పాసయింది. గల్ఫులో ఆసుపత్రికి ఎంపికయింది. ఇంక మిగిలింది మెడికల్ ఒకటే అని చెప్పింది. మెడికల్ అంటే ఒంటికి చేసే పరీక్షలు, ఎదురొమ్ముకి ఫోటో తీస్తారు.

ఆ రోజుల్లోనే బాగా సన్నబడింది. వీడియోలో చూసి, "ఏం మే, బుగ్గలు యాడ పోయినాయి?" అంటే, "ఏసీ అమ్మా, ఏసీలో అందరూ ఇట్టనే ఉంటారు" అనింది. దగ్గుతా ఉంటే కూడా ఏసీ అనింది. రంగు తేలిందని మా వీధి ఆడోళ్ళు మెచ్చుకున్నారు.

రక్తం పడిన రోజు దాన్ని మోసుకుపోయింది వాళ్ళ ఆసుపత్రికే. రాత్రీ పగలూ అంత చాకిరీ చేసిన చోటికే. టీబీ అని తెలియగానే బెడ్డు లేదన్నారు. పై అంతస్తు రోగులకి తెలిస్తే పేరు పోతుందని, వెనక గేటు నుంచి అంబులెన్సు ఎక్కించి సర్కారు ఆసుపత్రికి పంపేసినారు. అక్కడ కూడా నర్సులే ఉన్నారు, వాళ్ళూ ఎవురో తల్లుల బిడ్డలే. నేను పోయేసరికి నా బిడ్డ జుట్టు దువ్వి, జడ అల్లి పెట్టి ఉన్నారు. వాళ్ళకి దండం.

పెద్ద కర్మ రోజు ఆసుపత్రి నుంచి నర్సుల పెద్ద మేడం కారులో వచ్చింది. దండ తెచ్చింది. వెంట నా బిడ్డతో పాటు రూములో ఉండే పిల్లని తెచ్చింది. ఆ పిల్లది చిట్టమూరు, రైతుల బిడ్డ, మొదటి ఫోను చేసింది ఆ పిల్లే. మేడం మా ఇల్లంతా చూసి, పొయ్యి చూసి, ఆరబెట్టిన చేపలు చూసి, ముక్కు దగ్గర చేతిగుడ్డ పెట్టుకొని అనింది:

"ఇక్కడ పొగ ఎక్కువగా ఉందమ్మా. ఈ వాతావరణంలోనే వచ్చుంటుంది."

నేను లేచినాను. "మేడం, ఆశా వర్కరు అమ్మాయి వచ్చి మా ఇద్దరికీ తెమడ తీసి గళ్ళ పరీక్ష చేయించింది. ఎక్స్ రే తీయించినారు. మాకేమీ లేదు. పొగలో నేను ముప్పై ఏళ్ళుగా ఉన్నాను, నాకు రాలేదు. మీ బీరువా తాళంచెవి ఎవురి దగ్గర ఉంది?"

ఆమెకి అర్థమయింది. మొహం అట్ట తిప్పుకుంది.

"ఆవేశపడకండి."

"పడతాను. నా ఇంట్లో నేను పడతాను. మీ అంతస్తులో అయితే వాసన వస్తాదని భయపడాల. ఇక్కడ రానీ."

మా ఆయన నా భుజం పట్టుకున్నాడు గానీ నన్ను ఆపలేదు. మేడం కారెక్కింది. ఆ పిల్ల మాత్రం "నేను బస్సులో వస్తాను మేడం" అని ఆగిపోయింది.

కారు పోయినాక గోడకి ఆనుకొని కూర్చోని ఏడుస్తా చెప్పింది. నా బిడ్డకి తెలుసంట. నర్సు గదా, దగ్గు మొదలైన కొన్నాళ్ళకే తెలుసుకుందంట. సర్కారు మాత్రలు తీసుకుంటే పేరు కంప్యూటరులో ఎక్కుతుంది. ఎదురొమ్ము ఫోటోలో మచ్చ పడితే మెడికల్ లో 'అన్ ఫిట్' అని వేస్తారు. బాగైపోయినా మచ్చ మచ్చే, ఆ దేశంలోకి రానియ్యరు. అందుకని దగ్గు మందులు తాగుతా, "మెడికల్ అయిపోనీ, అక్కడికి పోయి చూపించుకుంటాను" అనేదంట. తాత నోరు తెరిపించి మాత్రలు వేసిన పిల్ల, తన నోరు తాను కుట్టేసుకుంది.

చూసినారా? చదువు చెప్పినోళ్ళు రోగమంటే ఏందో చెప్పినారు. రోగమొస్తే దాచిపెట్టుకోమని కూడా వాళ్ళే నేర్పినారు, నోటితో కాదు, ఆ 'అన్ ఫిట్' అనే మాటతో. మా పిల్లల చేతులు కావాలి అందరికీ. చేతుల వెనక ఊపిరితిత్తులు ఉంటాయని ఎవురికీ అక్కర్లేదు.

అప్పుడు ఆ పిల్ల దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకొని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. ఫోనులో విన్నాను, నెలల తరబడి విని ఏసీ అనుకున్నాను.

"ఎన్నాళ్ళయింది?"

"ఏం లేదు అత్తా, దుమ్ము."

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు మే."

తలొంచుకుంది. "నా మెడికల్ వచ్చే నెల అత్తా. మా ఇంట్లో చెప్పొద్దు. నీకు పుణ్యముంటుంది."

ఆ రాత్రి పిల్లని పోనియ్యలేదు. మరుసటి రోజు పొద్దున మా ఆయన టీవీఎస్ మీద మధ్యలో ఆ పిల్లని కూర్చోబెట్టి, వెనక నేను కూర్చొని గట్టిగా పట్టుకొని వాకాడు ఆసుపత్రికి తీసుకుపోయినాను. దూకి పారిపోతాదేమోనని నా భయం. దారంతా తిట్టింది నన్ను. "నువ్వు నా బతుకు పాడు చేస్తా ఉండావు" అనింది. తిట్టవే, ఎంత గట్టిగా తిడితే అంత ఊపిరి ఉందని అర్థం, అన్నాను. గళ్ళ పరీక్షలో ఉందని తేలింది. ఇంకా మొదట్లోనే ఉందన్నారు డాక్టరు గారు.

చిట్టమూరు పోయి వాళ్ళ అమ్మకి నేనే చెప్పినాను. ఆ తల్లి తలుపు వేసుకొని ఏడిచింది, తర్వాత నాకు మంచినీళ్ళిచ్చింది. మెడికల్ తేదీ వచ్చింది, పోయింది. ఆ ఉద్యోగం ఇంకెవురికో పోయుంటుంది. పిల్ల ఒకరోజు అడిగింది, "అత్తా, మచ్చ మిగిలితే?"

"మిగలనీ. మచ్చ ఉన్న ఛాతీ మీద తల పెట్టుకొని మీ అమ్మ ఏడిస్తే నువ్వు ఓదార్చొచ్చు. నాకు ఆ భాగ్యం లేదు" అన్నాను.

వారానికొకసారి మా ఇంటికి వస్తాది. మాత్రలకి బలమైన తిండి ఉండాలన్నారు, అందుకని వంజరం చేప ముక్కలు వేయించి పెడతాను. మొదట్లో రెండు ముద్దలకే చెయ్యి కడుక్కునేది. మొన్న వచ్చి ఎండలో గోడ పక్కన పీట వేసుకొని కూర్చునింది. "ఇంకో ముక్క వెయ్యి అత్తా" అని తనే కంచం ముందుకి జరిపింది. నేను వేసినాను. నూనె మోచేతి దాకా కారుతా ఉన్నా తుడుచుకోకుండా తింటా కూర్చునింది. ఆ పిల్ల బుగ్గ ఒకటి, ముద్ద పెట్టుకున్న వైపు, ఉబ్బి ఉంది.

మీరు ఎక్కడ పని చేస్తా ఉన్నా సరే, ఏ అంతస్తులో ఉన్నా సరే, కడుపునిండా తినండి.