రోడ్డుకి కుడిపక్క తాత సైకిల్

మా చిన్నప్పుడు... తాత సైకిల్ ఎప్పుడూ రోడ్డుకి కుడిపక్కనే వెళ్ళేది. దాచేపల్లి వైపు నుంచి రాయి లారీలు ఎదురుగా మొహం మీదికి వస్తున్నా సరే, ఆ పక్క వదిలేవాడు కాదు. ఎడంపక్క పోవయ్యా అని జనం కసిరేవాళ్ళు. తాత నవ్వి చెయ్యూపేవాడు.

వెనక క్యారేజీ మీద చీరల మూట... ముందు బార్ మీద తువ్వాలు చుట్టి నేను. వేసవి సెలవులంతా అదే నా బండి. అరవై దాటినా రోజుకి మూడూళ్ళు తిరిగి చీరలు అమ్మేవాడు. సైకిల్ తొక్కేవాడికి మోకాళ్ళ నొప్పులు రావని నాయనమ్మకి రోజూ క్లాసు పీకేవాడు. ఈ వయసులో కూడా ఎంత హుషారో అని ఊరూరా అంటుంటే, నాకు భలే గర్వంగా ఉండేది.

తాతకి ఇంకో అలవాటుండేది. మిగతా మూటలవాళ్ళు కేకేసుకుంటూ పోయి, ఎవరైనా పిలిస్తేనే ఆగేవాళ్ళు. తాత ప్రతి ఇంటి ముందూ దిగి, స్టాండు వేసి, గుమ్మం దాకా వెళ్ళి అడిగేవాడు. ఎంత మర్యాదస్తుడో అని ఆడవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. చర్చిలో మాత్రం పాటకి అందరూ లేచాక లేచేవాడు. పెద్దవాడు కదా అనుకునేదాన్ని.

ఒకరోజు వెనకొస్తున్న లారీ ఒకటి, ఎడ్లబండిని దాటబోయి మా పక్కకి వచ్చేసింది. ఒకటే హారన్... తాత తాపీగా తొక్కుతూనే ఉన్నాడు. లారీ లారీ అని అరిచాను. పలకలేదు. భయంతో ఆయన చెయ్యి రక్తం వచ్చేలా గిల్లేశాను. అప్పుడు తిరిగి చూసి, సైకిల్‌ని మట్టిలోకి దింపేశాడు. లారీ పోయాక ఇద్దరం తెల్లటి దుమ్ములో నిలబడి ఉన్నాం.

తాత సైకిల్‌కి స్టాండు వేశాడు. నా వైపు తిరిగి అన్నాడు.

"ఇనపడటల్లేదే అమ్మాయ్... రెండేళ్ళ నుంచీ. ఎదురుగా వచ్చేవి కళ్ళతో చూసుకుంటా. ఎనక నుంచి వస్తే నువ్వు గిల్లు. మీ నాయనమ్మకి మాత్రం చెప్పమాక. సైకిల్ అమ్మేస్తారు. ఇంట్లో కూర్చుంటే నేను చానా రోజులుండను."

ఆ రహస్యం నా ఒక్కదానికే చెప్పాడని పొంగిపోయాను... తొమ్మిదేళ్ళ పిల్లని మరి. ఆ వేసవంతా తాత ఎడమ చెయ్యి నా గోళ్ళ గీతలతో నిండిపోయింది. ఇదేందని నాయనమ్మ అడిగితే కంపచెట్టు గీసుకుందన్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. ఇక తాత ఒక్కడే వెళ్ళేవాడు.

మా బడి రోడ్డు పక్కనే. పాఠం వినేదాన్ని కాదు, హారన్లు వినేదాన్ని. ప్రతి హారన్‌కీ నా గోళ్ళు నా అరచేతిలోనే దిగేవి. సాయంత్రం వాకిట్లో సైకిల్ కనపడితేనే నాకు ఆకలేసేది. రెండుసార్లు పొయ్యి దగ్గర నాయనమ్మ పక్కన కూర్చుని చెప్పబోయాను. చానా రోజులుండను అన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఒకరోజు పొద్దున... ఒక హారన్ మొదలై, ఆగకుండా మోగి, టక్కున ఆగిపోయింది. బోర్డు మీద రాస్తున్న మాస్టారి చెయ్యి కూడా ఆగింది.

రోడ్డు రిపేరని ఎడంపక్క తవ్వేశారు. వచ్చే లారీలూ పోయే లారీలూ అన్నీ తాత పక్క నుంచే నడుస్తున్నాయి. మేం పరుగెత్తుకెళ్ళేసరికి చీరలు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. తాత లేడు... ఇక లేడు.

"హారన్ కొడతానే ఉన్నానయ్యా, ఆయన తిరిగి చూళ్ళేదు" అని డ్రైవర్ ఏడుస్తున్నాడు. అబద్ధాలాడతావా అని ఎవరో చెంప మీద కొట్టారు. ఇంకొకరు కొట్టారు. ఆయన చెవులకేం, బ్రహ్మాండంగా ఉండేవని నాయనమ్మ కూడా ఏడుస్తూ చెప్పింది. అతను చెప్పేది నిజమని ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. నేను నోరు తెరవలేదు. పోలీసులు అతన్ని జీపెక్కించి తీసుకుపోయారు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు... మీకే చెబుతున్నాను.

ఇప్పుడు నాకూ అరవై దాటాయి. నరసరావుపేటలో కారప్పొడులూ పచ్చళ్ళూ చేసి, సైకిల్ మీద ఇళ్ళకి ఇచ్చొస్తాను. వ్యాపారానికి వ్యాపారం, షుగర్‌కి షుగర్ అదుపులో ఉంటుంది. ఈ వయసులో కూడా ఎంత హుషారో ఆంటీ అంటుంటారు అందరూ. గేటు దగ్గర నిలబడి పిలవకుండా తలుపు దాకా వచ్చి ఇస్తానని మెచ్చుకుంటారు కూడా. ఈ మధ్య వచ్చిన బ్యాటరీ ఆటోలకి చప్పుడే ఉండదు... అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఇవాళ ఆదివారం. మనవరాలిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే, నడుం మీద గట్టిగా గిల్లింది. ఉలిక్కిపడి పక్కకి తిప్పాను. వెనక నుంచి దేన్నో దాటుకుంటూ వచ్చిన లారీ నా మోచేతిని రాసుకుంటూ వెళ్ళిపోయింది. రెండుసార్లు పిలిచినా పలకలేదేంటి అమ్మమ్మా అని బిక్కమొహం వేసింది. దానికి మా తాత సంగతి తెలీదు.

దిగి చూసుకుంటే రోడ్డుకి కుడిపక్కన ఉన్నాను. ఎప్పట్నుంచి ఇటు తొక్కుతున్నానో నాకే తెలీదు. పిల్లని దగ్గరకి తీసుకుని ఏదో చెప్పబోయాను... నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"మీ అమ్మకి చెప్పమాక."

తాత రోజుల్లో చెవికి మిషన్ అంటే గుంటూరు పోవాలి, అంత స్తోమతా లేదు. ఇప్పుడు మా వీధి చివర షాపులోనే అమ్ముతున్నారు. మారనిది మా ఇంటి మొండితనమే కాబోలు. మీరూ చిన్నప్పుడు ఇలాంటి మాట ఏదైనా మోశారా... చెప్పేశారా, దాచేశారా? కింద రాయండి, ఈ రాత్రికి అన్నీ చదువుతాను.

రేపు పిల్లకి బడి ఉంది. ఆరిళ్ళకి కారప్పొడి ఇవ్వాలి... నేను ఒక్కదాన్నే వెళ్ళాలి.