నమ్మను మేస్త్రీ

మోచేతుల దాకా బానెట్‌లో మునిగి, మేస్త్రీ అప్పుడే డిప్‌స్టిక్ బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచాడు. తీసి చూసి, తుడిచి, ఇంకోసారి ముంచాడు. మూడుసార్లూ ఆయిల్ ఒకే గీత దగ్గర ఉంది. అప్పుడుగానీ ఇంజిన్‌లో ఆయిల్ ఉందని ఒప్పుకోలేదు. మా మేస్త్రీకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా నమ్మడు.

పక్క షెడ్డులో లేతు మిషను నాది. పద్దెనిమిదేళ్లుగా మా ఇద్దరి మధ్య ఒక రేకు గోడ. అది ఇనపరేకేనని నేను చెబితే, అయస్కాంతం తెచ్చి అతికించి చూశాడు. వాన పడుతోందంటే చెయ్యి బయట పెడతాడు. తడి చెయ్యి చొక్కాకు తుడుచుకుంటూ "పడుతోంది" అని నాకే కబురు చెబుతాడు.

"గిన్నె కాలుతోంది, ముట్టుకోకండి" అంది ఒకసారి వాళ్లావిడ.

"నమ్మను" అని ముట్టుకున్నాడు.

"ఇప్పుడు నమ్మారా?"

"ఈ గిన్నె వరకు" అన్నాడు వేలు ఊదుకుంటూ.

ఆ రోజు కారు తెచ్చింది అద్దెకు బండి తిప్పుకునే ఒక పెద్దాయన. వెంట కొత్త అల్లుడు. కళ్లు మసకబారుతున్నాయని బండిని అల్లుడి చేతికి అప్పగించి నెలైంది. మూడు రోజుల కిందట అల్లుడు సొంతంగా ఆయిల్ మార్చాడు. నిన్న స్టీరింగు ముందు ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది.

"అంతా మా అల్లుడుగారి హస్తవాసి, మేస్త్రీ" అన్నాడు పెద్దాయన. "ఇరవై ఏళ్లు నా చేతిలో నోరెత్తని ఇంజిన్. వీరి చెయ్యి పడింది, మూలపడింది. ఇంకో షెడ్డులో చూపిస్తే బేరింగులు అరిగాయి, ఇంజిన్ బోరుకొచ్చిందన్నారు."

"నమ్మను."

"ఎదురుగా లైటు వెలుగుతుంటే!"

"లైటునీ నమ్మను."

"చెప్పిన ఆయిలే పోశానండీ" అన్నాడు అల్లుడు నేల చూపులు చూస్తూ. "ఫిల్టరు కూడా..."

"నిన్నూ నమ్మను బాబూ. కాస్త జరుగు, వెలుతురుకు అడ్డం."

ఇక ఈ జన్మలో అల్లుడికి తాళం ఇచ్చేది లేదని పెద్దాయన దారి పొడవునా చాటుకుంటూ వచ్చాడట. ఆ తాళం లేకపోతే ఆ పిల్లాడికి వేరే పని లేదు. కొత్త సంసారం.

మేస్త్రీ లైటుకు కబురు మోసే స్విచ్చి విప్పి, ఆ రంధ్రంలో ఆయిల్ ప్రెషర్ కొలిచే గేజి గొట్టం బిగించాడు. ఆయన దగ్గర గేజులు రెండు. ఒకటి చెప్పింది నిజమో కాదో రెండోది చెప్పాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు నలభై మీద నిలబడింది. వేడెక్కాక రేసు ఇచ్చాడు. పైకి పోవలసిన ముల్లు పదికి జారింది. చటుక్కున ఇంజిన్ ఆపి, గేజి మార్చి, మళ్లీ రేసిచ్చి చూశాడు. అదీ పదే అంది.

"లైటు అబద్ధమాడలేదు" అన్నాడు, దాన్ని క్షమాపణ అడుగుతున్నట్టు.

"చెప్పానా! బేరింగులే!" అన్నాడు పెద్దాయన.

"నమ్మను. పావుగంట కూర్చుందాం."

కూర్చున్నాం. పావుగంట తర్వాత తాళం తిప్పితే ముల్లు ముప్పై అయిదు దగ్గర బుద్ధిగా నిలబడింది.

"అరిగిన బేరింగు పావుగంట పడుకుంటే బాగవుతుందా పెద్దాయనా? అలాగైతే రా, మనమిద్దరం కూడా పడుకుందాం. మోకాళ్లు బాగవుతాయి. ఆయిల్ పంపు మూతికి ఏదో అడ్డం పడుతోంది. ఆయిల్ లాగేకొద్దీ అతుక్కుంటోంది, ఇంజిన్ ఆగితే జారిపోతోంది."

కారును పైకెత్తి, చల్లారాక ఆయిల్ దించి, ఇంజిన్ అడుగున ఉండే చాంబర్ విప్పాడు. నేను టార్చి పట్టాను. పంపు ఆయిల్ పీల్చుకునే జల్లెడ నిండా ఎర్రటి తొక్కలు. చాంబర్ అంచుకు ప్యాకింగు వెయ్యకుండా ఎవరో ఎర్ర గమ్ము దండిగా పూశారు. లోపలికి పొంగింది కాస్తా ఊడి జల్లెడకు పట్టింది. ఆయిల్ మార్చేవాడికి అడుగు బోల్టు, ఫిల్టరుతోనే పని. చాంబర్ జోలికి పోనక్కర్లేదు.

పెద్దాయన కూడా వంగి చూశాడు. ఎంత మసకైనా ఆ ఎరుపు కనబడినట్టుంది. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"బాబూ, ఈ చాంబర్ వెనక కుళాయి దగ్గర కిరసనాయిలుతో కడుక్కురా. మెల్లగా కడుగు, తొందరేం లేదు" అని మేస్త్రీ అల్లుణ్ని పంపించాడు.

అతను అటు వెళ్లగానే పెద్దాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, పోయినేడు ఆయిల్ కారుతుంటే ఆ గమ్ము పూసింది నేనే. చూపు ఆనక ట్యూబంతా పిండేశాను."

"నమ్మను" అన్నాడు మేస్త్రీ జల్లెడ మీంచి తలెత్తకుండా.

"నిజమయ్యా, ఈ చేత్తోనే..."

"ఇరవై ఏళ్లు ఇంజిన్‌ను నోరెత్తకుండా నడిపిన చెయ్యి ఇలా పూసిందంటే నేనెలా నమ్ముతాను? ఎవడో దారిన పోయేవాడు పూసుంటాడు."

తీసిన ప్రతి ముక్కనూ బల్ల మీద పరిచి చూపించే మనిషి, ఆ ఎర్ర తొక్కల్ని గుడ్డలో చుట్టి చెత్తడబ్బాలో వేశాడు. ఒకప్పుడు ఆయన ఇచ్చిన షాఫ్టు నేను కొలత తప్పి కోసేశాను. పాడుచేశానని చెబితే "నువ్వా? నమ్మను. ఇనుమే మంచిది కాదు" అన్నాడు. ఇన్నాళ్లూ అది నిజంగా ఇనుము తప్పేననుకుంటూ వచ్చాను.

కొత్త ప్యాకింగు, కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్. చల్లగా ఉన్నప్పుడు నలభై. వేడెక్కాక రేసిస్తే ముల్లు చక్కగా పైకి లేచింది. రెండో గేజి కూడా ఔనంది. స్విచ్చి బిగించి తాళం తిప్పితే ఎర్ర లైటు ఒక్కసారి వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయింది.

"ఇంతకీ తప్పు ఎవరిదండీ?" అన్నాడు అల్లుడు చేతులు తుడుచుకుంటూ.

"జల్లెడది" అని మేస్త్రీ తాళం తీసి పెద్దాయనకిచ్చాడు.

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అల్లుడి అరచేతిలో పెట్టాడు. "మీరు ఆయిల్ బాగానే మార్చారు అల్లుడుగారూ. పోనివ్వండి. నేను పక్కన కూర్చుంటాను."

"ఇక ఆ లైటు వెలగదులే" అన్నాను నేను.

"నమ్మను" అని మేస్త్రీ వెనక తలుపు తెరిచి ఎక్కి కూర్చున్నాడు.

కారు మలుపు తిరిగేదాకా, ముందు సీట్ల మధ్యలోంచి మెడ చాచి లైటు వైపు చూస్తున్న ఆయన తల కనబడుతూనే ఉంది.